దిగుమతి సరుకు – కస్టమ్స్ ఆడిట్
సంఘాలు, యూనియన్లు ముందుగా సర్దుకోవలసిన విషయాలు

బల్మూర్ మండలంలో తెల్లవారి పాల కేంద్రానికి వచ్చి, నాలుగు లీటర్లు పోసి, వెన్నశాతం రాసిన చీటీ తీసుకొని ఇంటికి పోయే సభ్యునికి కస్టమ్స్ శాఖతో పని ఏమిటని అనిపించడం సహజమే. సముద్రం ఎక్కడ, నల్లమల అంచు ఎక్కడ! కాని ఆ చీటీ మీద అంకె వేసిన యంత్రం సంగతి ఒకసారి ఆలోచించండి. మన దేశంలోని పాల సంఘాలు వాడే విశ్లేషణ యంత్రాలలో కొన్ని బల్గేరియాలో తయారై వచ్చినవి. 1980 ప్రాంతాలలో డెన్మార్క్ తయారీ మిల్కోటెస్టర్లు వాడేవారు. జెర్సీ, హోల్‌స్టీన్ ఆబోతుల వీర్యం కొంత విదేశాల నుంచి వచ్చినదే. పాలు పిండే యంత్రాలు, వాటి రబ్బరు లైనర్లు, ప్యాకింగు యంత్రాల విడిభాగాలు, కరువు రోజులలో పాలపొడి – వీటిలో ఏది బయటి నుంచి వచ్చినా కస్టమ్స్ గడప దాటి రావలసిందే. దాటిన తర్వాత కూడా అయిదేండ్ల వరకు ఆ సరుకు గురించి ప్రశ్న రావచ్చు.

పాల సహకార ఉద్యమానికి దిగుమతి కొత్త కాదు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనప్పుడు ప్రపంచ ఆహార కార్యక్రమం కింద లక్షా 26 వేల టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42 వేల టన్నుల బటర్ ఆయిల్ కానుకగా వచ్చే ఏర్పాటు జరిగింది. వాటిని పాలుగా మార్చి అమ్మిన సొమ్ముతోనే డెయిరీలు, సేకరణ మార్గాలు నిర్మించారు. కానుకగా వచ్చిన సరుకుకు కూడా లెక్క చెప్పవలసి వచ్చింది. కొనుక్కున్న సరుకుకు చెప్పవలసిన లెక్క ఇంకా ఎక్కువ.

ఈ మధ్య ఈ లెక్క అడిగే తీరు మారింది. ఇది దిగుమతి చేసే యూనియన్‌కే గాక, దాని కింద ఉన్న ప్రతి సంఘానికి తెలియవలసిన విషయం. ఎందుకంటే పొరపాటుకు పడే సొమ్ము చివరకు పాల ధరలో నుంచో, ఏడాది చివర పంచే బోనస్ నుంచో పోవలసిందే.

సొమ్ము ఎంత?

లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. పాలపొడి దిగుమతికి సాధారణ కస్టమ్స్ సుంకం నూటికి 60. అయితే కేంద్ర ప్రభుత్వం కొరత ఏండ్లలో ఏడాదికి 10 వేల టన్నుల వరకు నూటికి 15 సుంకంతో తెచ్చుకోవడానికి కోటా ఇస్తుంది. 2020 జూన్‌లో, మళ్లీ 2024 జూన్‌లో అలాంటి ఉత్తర్వులు వెలువడ్డాయి. ఈ కోటా ఎవరికిబడితే వారికి దొరకదు. జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి మండలి, జాతీయ సహకార పాడి సమాఖ్య వంటి కొన్ని సంస్థల ద్వారానే రావాలి.

కిలో 200 రూపాయల ధరకు 20 టన్నుల కంటెయినరు ఒకటి వచ్చిందనుకుందాం. సర్‌చార్జీలు వదిలేస్తే, కోటా కింద కిలోకు సుంకం 30 రూపాయలు. కోటా లేకుంటే 120. తేడా 90. మొత్తం కంటెయినరు మీద 18 లక్షలు. ఆ సరుకు కోటా షరతుకు లోబడి రాలేదని మూడేండ్ల తర్వాత ఆడిట్‌లో తేలితే, ఏడాదికి నూటికి 15 చొప్పున వడ్డీ 8 లక్షల 10 వేలు. అసలు, వడ్డీ కలిపి 26 లక్షల 10 వేలు. రోజుకు 50 వేల లీటర్లు సేకరించే యూనియన్ ఈ సొమ్ము కట్టాలంటే లీటరుకు రూపాయి చొప్పున 52 రోజులు తీసిపెట్టాలి. దాచిపెట్టారనో, తప్పుడు ప్రకటన చేశారనో రుజువైతే దీనికి సమానమైన జుల్మానా కూడా పడవచ్చు. అప్పుడు 52 రోజులు 100 దాటుతాయి. పొడి అప్పటికే పాలై, పాలు తాగేసి, సొమ్ము పంచేసి ఉంటారు. ఆ ఏడాది పాలు పోసిన సభ్యుడు వేరు, ఈ ఏడాది భారం మోసే సభ్యుడు వేరు కావచ్చు.

మారిన తీరు

పాత రోజులలో సరుకు రేవులో దిగితే, అధికారి పెట్టె తెరిచి చూసి, కాగితాలు పరీక్షించి, సుంకం ఇంత అని తేల్చేవాడు. కట్టి తెచ్చుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 2011లో తెచ్చిన సవరణతో ఈ బాధ్యత దిగుమతిదారు మీదికి వచ్చింది. సరుకు ఏమిటి, ఏ శీర్షిక కిందికి వస్తుంది, విలువ ఎంత, సుంకం ఎంత – ఇవన్నీ తానే లెక్కగట్టి బిల్ ఆఫ్ ఎంట్రీలో ప్రకటించాలి. శాఖ కొన్నింటినే ఆపి చూస్తుంది. ఏది ఆపాలో 2005 నుంచి కంప్యూటరు తేలుస్తోంది. మిగతావి ఆగకుండా వచ్చేస్తాయి.

ఆగకుండా వచ్చిందంటే సరిగా ఉందని కాదు. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. గేటు దగ్గర తగ్గించిన తనిఖీని తర్వాత దుకాణం దగ్గర, దస్త్రాల దగ్గర చేస్తున్నారు. దీనికోసమే 2018లో చట్టంలో ఆడిట్ అధికారాన్ని ప్రత్యేకంగా చేర్చి, కస్టమ్స్ ఆడిట్ నిబంధనలు వెలువరించారు. ఈ నిబంధనల ప్రకారం దిగుమతి కాగితాలు కనీసం అయిదేండ్లు భద్రపరచాలి. మన స్థలానికి వచ్చి ఆడిట్ చేయాలంటే అధికారి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొదలుపెట్టిన తర్వాత సాధారణంగా 30 రోజులలో ముగించాలి.

2020 నుంచి ఇంకొక మార్పు వచ్చింది. హైదరాబాద్ సనత్‌నగర్ కంటెయినరు డిపోలో దిగిన సరుకు బిల్లును మరో నగరంలో కూర్చున్న అధికారి పరిశీలించవచ్చు. అతను మనలను చూడడు, మనం అతనిని చూడము. ఇదివరకు పోయి నోటితో విడమరచి చెప్పుకొనే సంగతులన్నీ ఇప్పుడు కాగితంలోనే కనిపించాలి. నా మటుకు నాకు ఇది మంచి మార్పే అనిపిస్తుంది. పరిచయాలున్న పెద్ద వ్యాపారికి, పరిచయాలు లేని సహకార యూనియన్‌కు ఒకే కొలత. అయితే కాగితం సరిగా రాయడం రాని వారికి కష్టమే.

2021 మార్చిలో సుప్రీంకోర్టు కెనన్ కంపెనీ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత, రెవెన్యూ నిఘా విభాగం ఇచ్చిన నోటీసులు చెల్లవనే వాదన బలపడింది. 2024 నవంబరు 7న అదే కోర్టు పునఃపరిశీలించి, ఆ విభాగం అధికారులకు నోటీసులిచ్చే అధికారం ఉందని తేల్చింది. దానితో ఆగిపోయిన పాత కేసులకు మళ్లీ దారి తెరుచుకుంది.

మన రాష్ట్రాల పక్కనే ఒక ఉదాహరణ

అనంతపురం వైపు పెనుకొండ దగ్గర కార్లు తయారుచేసే కియా ఫ్యాక్టరీ సంగతి చాలామందికి తెలుసు. కార్నివాల్ అనే కారు విడిభాగాలను వేరువేరు దఫాలుగా, వేరువేరు రేవుల ద్వారా తెప్పించి, విడిభాగాలకు ఉండే తక్కువ సుంకం కట్టారనీ, కలిపి చూస్తే అది దాదాపు పూర్తి కారే గనుక ఎక్కువ సుంకం పడాలనీ ఆరోపిస్తూ కస్టమ్స్ శాఖ 2024లో సుమారు 15 కోట్ల 50 లక్షల డాలర్లకు నోటీసు ఇచ్చినట్టు పత్రికలలో వచ్చింది. కంపెనీ ఈ ఆరోపణను అంగీకరించలేదు. తగిన ఆధారాలతో జవాబిచ్చామని చెప్పింది. ఎవరి వాదన నిలుస్తుందో చెప్పడం మన పని కాదు. మనం గమనించవలసింది ప్రశ్న ఎక్కడ పుట్టిందన్నదే. సరుకు దొంగచాటుగా వచ్చింది కాదు. ప్రతి దఫాకు కాగితం ఉంది. ఆ సరుకును ఏ పేరుతో పిలిచారన్న దగ్గరే తగాదా.

మన రంగంలో కూడా ఇలాంటి ప్రశ్నలు పుట్టగలవు. పాలు పిండే యంత్రాలు, పాడి యంత్రాలు సుంకాల పట్టికలో 8434 శీర్షిక కిందికి వస్తాయి. శీతలీకరణ పరికరాలు 8418, రసాయన, భౌతిక విశ్లేషణ పరికరాలు 9027, పశువుల వీర్యం 0511. రబ్బరు లైనరు విడిగా తెస్తే అది పాలు పిండే యంత్రంలో భాగమా, ఉత్త రబ్బరు వస్తువా? శీతలీకరణ తొట్టి, కంప్రెసరు రెండు ఓడలలో వస్తే అవి రెండు వస్తువులా, ఒకే యంత్రమా? అధికారి అడగకముందే మనం అడుగుకొని, ఎందుకు ఈ శీర్షిక ఎంచుకున్నామో ఒక పేజీ రాసి, దానికి తయారీదారు ఇచ్చిన సాంకేతిక పుస్తకం జతచేసి దస్త్రంలో పెట్టుకోవాలి. రెండేండ్ల తర్వాత గుమాస్తా మారిపోతాడు, మేనేజరు బదిలీ అవుతాడు. ఆ పేజీ మాత్రం ఉంటుంది. నిజంగా అనుమానం ఉంటే ముందే తీర్పు కోరే వీలుంది. 2021 నుంచి ఢిల్లీలో, ముంబయిలో దీనికి అథారిటీలు పనిచేస్తున్నాయి. ఇచ్చిన తీర్పు కొన్నేండ్లు నిలుస్తుంది.

విలువ సంగతి ఇంకా చిక్కు. ఇన్‌వాయిస్‌లో ఉన్న అంకె మాత్రమే విలువ అనుకోవడం సరికాదు. ఓడ కిరాయి, భీమా చేరాలి. అవి తెలియకపోతే కిరాయికి సరుకు ధరలో నూటికి 20, భీమాకు నూటికి 1.125 కలిపి లెక్కగడతారు. ఇది సాధారణంగా అసలు ఖర్చు కంటె ఎక్కువే ఉంటుంది గనుక, కిరాయి రశీదు పోగొట్టుకోవడమంటే చేతులారా సుంకం పెంచుకోవడమే. కొనడానికి షరతుగా రాయల్టీ కడితే, అమ్మకందారు తరఫు దళారీకి కమీషను ఇస్తే, మనమే అచ్చులు, నమూనాలు ఉచితంగా పంపితే – ఇవన్నీ విలువలో కలుస్తాయి. సరుకు వచ్చిన తర్వాత ఇక్కడ బిగించడానికి అయిన ఖర్చు మాత్రం, వేరుగా చూపితే, కలపనవసరం లేదు. చూపకుండా ఒకే మొత్తంగా రాయించుకున్నామా, ఆ ఖర్చు మీద కూడా సుంకం కట్టవలసి వస్తుంది. ఆర్డరు రాసేటప్పుడే ఈ అంకెలు విడదీయించుకోవాలి. ఓడ బయలుదేరిన తర్వాత కాదు.

ఆడిట్ అధికారి మొదట చూసేది కూడా ఇదే. బిల్ ఆఫ్ ఎంట్రీలోని విలువ ఒక చేతిలో, బ్యాంకు నుంచి విదేశానికి పోయిన సొమ్ము చీటీ ఇంకొక చేతిలో పెట్టుకొని రెండూ కలుస్తాయా అని చూస్తాడు. బ్యాంకు ద్వారా ఎక్కువ పోయి ఉంటే ఆ ఎక్కువ దేనికి అని అడుగుతాడు. ఈ పని ఏడాదికి ఒకసారి మనమే చేసుకుంటే సగం భయం పోతుంది.

తక్కువ సుంకానికి ఒప్పందం ఉన్న దేశం నుంచి సరుకు తెస్తే, అక్కడి ధ్రువపత్రం ఒకటే చాలదు. 2020 సెప్టెంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఆ సరుకు నిజంగా ఆ దేశంలో తయారైందని చూపే సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి. అయిదేండ్లు దాచాలి. ఏ ముడిసరుకు ఎక్కడిది, తయారీ ఏ దశలో ఎక్కడ జరిగింది అన్న వివరాలు అమ్మకందారు నుంచి ముందే రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఇవ్వనంటే, తక్కువ సుంకం కోరకుండా ఉండడమే మేలు. ఇక పాల పదార్థాల విషయంలో ఇలాంటి ఒప్పందాల వల్ల సభ్యులకు కలిగే భయం న్యాయమైనదే గాని, 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంలో పాల ఉత్పత్తులను మినహాయించారని గుర్తుంచుకోవాలి. చైనా పాల పదార్థాలపై 2008లో మెలమైన్ కల్తీ బయటపడినప్పుడు పెట్టిన నిషేధం ఏటేటా పొడిగిస్తూ, 2019లో రేవులలోని పరీక్షాశాలలు తగిన స్థాయికి వచ్చేవరకు కొనసాగించారు. మన పాలకు ధర నిలవాలంటే రేవు దగ్గర కస్టమ్స్ కన్ను గట్టిగా ఉండడం మనకే లాభం. ఇంకొకరి పాలపొడి వేరే పేరు పెట్టుకొని తక్కువ సుంకంతో వస్తే ముందుగా దెబ్బ తగిలేది అచ్చంపేట, బల్మూర్ వైపు రెండు గేదెలు పెట్టుకొన్న రైతుకే. ఆడిట్ మన మీదికి వచ్చినప్పుడు విసుక్కొనే ముందు ఈ మాట కూడా తలచుకోవాలి.

ఏజెంటు ఉన్నాడు గదా!

క్లియరింగు ఏజెంటుకు అప్పగించాము, అతనే చూసుకుంటాడు అనే మాట తరచు వినిపిస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉన్న సంగతులు నిజమని ప్రకటించేది దిగుమతిదారు. ఏజెంటు రాసినా బాధ్యత మనదే. అందుచేత ఏజెంటుకు ఇచ్చిన సూచనలన్నీ రాతలో ఉండాలి, దాఖలు చేయకముందు నమూనా తెప్పించుకొని మన మనిషి ఒకరు చదివి సంతకం పెట్టాలి. పని అయ్యాక పూర్తి దస్త్రం మన దగ్గరికి రావాలి. దస్త్రం ఏజెంటు ఆఫీసులోనే ఉండిపోయి, ఏజెంటు మారినప్పుడు దొరకకుండా పోయిన సందర్భాలు కొత్త కావు.

ఒక్కో దఫాకు ఒక దస్త్రం చొప్పున పెట్టడం మంచిది. అందులో ఆర్డరు, ఇన్‌వాయిస్, ప్యాకింగు పట్టిక, ఓడ లేక విమాన రశీదు, కిరాయి, భీమా కాగితాలు, బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం చలానా, బ్యాంకు చీటీ, ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండాలి. పాలపొడి, వీర్యం వంటివైతే కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇచ్చే శానిటరీ దిగుమతి పర్మిట్టు, ఆహార పదార్థమైతే ఆహార భద్రతా సంస్థ అనుమతి కూడా జతపరచాలి. కంప్యూటరులో ఉంటే చాలదా అంటే, ఉండవచ్చు. కాని తెరిచే మనిషికి సంకేతపదం తెలిసి ఉండాలి గదా. దిగుమతి–ఎగుమతి కోడ్ వివరాలను ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల నిర్ధారించాలి. 2021 నుంచి ఈ నియమం ఉంది. మరచిపోతే కోడ్ ఆగిపోతుంది, ఓడ మీద వచ్చిన సరుకు రేవులో పడి ఉండి రోజు కిరాయి పెరుగుతుంది.

గ్రామ సంఘం చేయవలసింది

సంఘం నేరుగా దిగుమతి చేయదు. యూనియన్ ద్వారానో, పట్టణంలోని డీలరు ద్వారానో యంత్రం కొంటుంది. అయినా రెండు మూడు సంగతులు దాని మీద ఉన్నాయి.

ఏదైనా సుంకం రాయితీ కింద, ఫలానా పనికే వాడాలనే షరతుతో యంత్రం వచ్చిందనుకోండి. 2022 నాటి నిబంధనల ప్రకారం దిగుమతిదారు బాండు రాసి, దేనికి వాడిందీ లెక్క చూపాలి. ఆ యంత్రం ఎక్కడ ఉందో చూడటానికి అధికారి యూనియన్ ఆఫీసుకే గాక కేంద్రానికి కూడా రావచ్చు. కొండనాగుల కేంద్రానికి ఇచ్చిన యంత్రం ఎవరికీ చెప్పకుండా మరో ఊరికి పంపి ఉంటే, మంచి ఉద్దేశంతోనే పంపినా, షరతు తప్పినట్టు లెక్క. కాబట్టి యంత్రం మీది నంబరు, వచ్చిన తేదీ, ఎక్కడ బిగించిందీ స్టాకు రిజిస్టరులో రాయాలి. కదిలిస్తే యూనియన్‌కు ఉత్తరం రాసి నకలు ఉంచుకోవాలి. చెడిపోయి మూల పడితే కూడా రాయాలి. అమ్మేసే ముందు తప్పక అడగాలి.

డీలరు దగ్గర విదేశీ యంత్రం కొన్నప్పుడు జి.ఎస్.టి. బిల్లు, వారంటీ చీటీ, నంబరు ఉన్న డెలివరీ చలానా అడిగి తీసుకోవాలి. బిల్లు లేకుండా కొంచెం తక్కువకు ఇస్తామనేవారు ఉంటారు. ఆ తగ్గింపు కోసం పోతే, తర్వాత విడిభాగం కావలసినప్పుడు, లేక మన సహకార శాఖ ఆడిటరు వోచరు అడిగినప్పుడు కార్యదర్శి చేతిలో ఏమీ ఉండదు. పాలకవర్గ సమావేశంలో ఈ కొనుగోలు తీర్మానం రాసేటప్పుడు కంపెనీ పేరు, నంబరు కూడా రాయించడం సులభమైన పని. మన ప్రాంతంలో అమ్రాబాద్ నల్లమలలోని పొడ తూర్పు పశువులకు జాతి గుర్తింపు వచ్చిన తర్వాత, దిగుమతి వీర్యంతో సంకరం చేయాలా, వద్దా అన్న చర్చ కొన్ని ఊళ్లలో ఉంది. అది వేరే వ్యాసం. ఏ వీర్యం వాడినా స్ట్రా నంబరు పశువు కార్డులో రాయించడం మాత్రం రెండు పక్షాలకూ మంచిదే.

నోటీసు వస్తే

నోటీసు వచ్చిన రోజునే యూనియన్ మేనేజరు ఒకరిని బాధ్యునిగా నియమించాలి. పది మంది పది రకాలుగా జవాబు చెప్పడం కంటె హాని లేదు. అడిగిన కాగితాల జాబితా తీసుకొని, ఇచ్చిన ప్రతి కాగితానికి నకలు, రశీదు ఉంచుకోవాలి. లేని కాగితాన్ని వెనుకటి తేదీ వేసి తయారుచేయరాదు. లేదని చెప్పిన దానికి సమాధానం వెతకవచ్చు గాని, కల్పించిన దానికి చట్టంలో దారి లేదు. సాధారణ పొరపాటుకు శాఖ రెండేండ్లలోపల నోటీసు ఇవ్వాలి. దాచిపెట్టినట్టు ఆరోపణ ఉంటే అయిదేండ్ల వరకు ఇవ్వవచ్చు. ఈ తేడా కోసమైనా శుభ్రంగా నడచుకోవాలి.

పొరపాటు మన కంటికే ముందు కనబడితే? మోసం లేని సందర్భంలో తక్కువ పడిన సుంకాన్ని వడ్డీతో సహా నోటీసుకు ముందే కట్టి తెలియజేస్తే జుల్మానా లేకుండా పోతుంది. 2025 ఆర్థిక చట్టం ఇంకొక వీలు కల్పించింది: సరుకు బయటికి వచ్చిన తర్వాత కూడా దిగుమతిదారు తన బిల్ ఆఫ్ ఎంట్రీని స్వచ్ఛందంగా సవరించుకొని, తక్కువ కట్టింది కట్టవచ్చు, ఎక్కువ కట్టింది తిరిగి కోరవచ్చు. అయితే ఆడిట్ గాని, సోదా గాని మొదలైనట్టు అధికారి తెలియజేసిన తర్వాత ఈ తలుపు మూసుకుంటుంది. కనుక గత అయిదేండ్ల దిగుమతి దస్త్రాలు ఉన్న యూనియన్లు నోటీసు కోసం చూడకుండా, వచ్చే పాలకవర్గ సమావేశంలోపల వాటిని బ్యాంకు చీటీలతో సరిచూసుకోవాలి. తేడా కనబడిన దఫాల నంబర్లు వేరుగా రాసి, ఆడిటరుకు చూపించి, సవరించవలసినవి ఏవో అదే సమావేశంలో తీర్మానించుకోవచ్చు.